ఓడలో పగటి భోజనానికి చీర

మా అక్కని మొగుడి దగ్గరికి పంపలేదు. ఓడ కాగితం వచ్చింది, అవతలి దేశంలో దిగడానికి అనుమతి వచ్చింది, పెట్టె సర్దడం కూడా అయింది. అయినా పంపలేదు. ఓడలో పగటిపూట భోజనానికి ఏం కట్టుకుని కూర్చోవాలో తేలలేదని ఆపేశారు. తేల్చి చెప్పవలసినవాళ్ళకి ఉత్తరం మీద ఉత్తరం రాస్తే వాళ్ళు జవాబివ్వలేదు.

ఇది అన్యాయం. అప్పుడు ఒక్కరూ ఆ మాట అనలేదు. ప్రాప్తం లేదన్నారు. రాసిపెట్టి లేదన్నారు. ఒక ఆడమనిషి బతుకు ఒక చీర దగ్గర ఆగిపోతే, దానికి ప్రాప్తమని పేరు పెట్టి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోవడం ఏం పద్ధతండీ? నాకిప్పుడు ఎనభై దాటాయి. నేను పోయేలోపల దీన్ని కాగితం మీద పెట్టాలనే కూర్చున్నా.

మాది జగ్గయ్యపేట. నాన్న పోవడంతో అయిదో తరగతిలో బడి మానేసి బజార్లో బట్టల కొట్లో చేరా. ఇంగ్లీషు నాకెవరూ చెప్పలేదు. బేళ్ళ మీద ముద్రలు, మిల్లువాళ్ళు పంపే చీటీలు, గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన నిఘంటువు, వాటితోనే నేర్చుకున్నా. పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి కొట్టు యజమాని బొంబాయి మిల్లులకి నా చేతే ఉత్తరాలు రాయించేవాడు. బజార్లో టెలిగ్రాం వస్తే నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. దాంతో నాకు గర్వం బాగా ఉండేది. జరిగినదాంట్లో ఆ గర్వానికీ వాటా ఉంది. దాచను.

అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. నందిగామ ఇచ్చాం. పెళ్ళయిన ఏడాదికే బావ మలయాలో రబ్బరు తోటలో గుమాస్తా పని దొరికిందని వెళ్ళాడు. ఇల్లు కుదరగానే పిలిపిస్తానన్నాడు. ఇది యాభైల్లో సంగతి. నందిగామ ఇంట్లో అక్కా అత్తగారూ ఇద్దరే. మావగారు పోయి చాలా కాలమైంది. ఆవిడ పగలు ఒక్కపూటే భోంచేసేది. ఆ ఒక్కపూటకి పొద్దున లేచింది మొదలు ఇల్లంతా తయారయ్యేది.

మూడో ఏడు మాఘమాసంలో బావ దగ్గర్నుంచి లావుపాటి కవరొచ్చింది. అక్క కబురంపితే చిల్లకల్లు దాకా నడిచి అక్కడ బస్సెక్కి వెళ్ళా. కవర్లో బావ రాసిన తెలుగు ఉత్తరం, ముద్రలు వేసిన రెండు కాగితాలు, నున్నటి కాగితం మీద బొమ్మలేసిన చిన్న పుస్తకం ఉన్నాయి. వైశాఖంలో ఓడ. మద్రాసు రేవులో బావ స్నేహితుడి కుటుంబం కలుస్తారు, దారంతా తోడుంటారు. ఆ పుస్తకం ఓడ ఆఫీసులో ఇచ్చారు, తమ్ముడి చేత చదివించుకో, సరదాగా ఉంటుంది అని బావ రాశాడు. సరదాగా ఉంటుందనే రాశాడు.

ముద్రల కాగితాలు రెండూ అత్తగారు దేవుడి పెట్టెలో పెట్టి తాళం వేసింది. పుస్తకం నా చేతికిచ్చింది. ఆ పెట్టెలో కాగితాలు కూడా ఓసారి చూపించండి అత్తయ్యగారూ అని అడగాలని నాకు తోచలేదు. అడిగుంటే ఈ రాత ఉండేది కాదు.

వసారాలో కూర్చుని పుస్తకం గట్టిగా చదివి, వాక్యం వాక్యానికీ తెలుగు చెప్పా. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరారు. నాకు హుషారొచ్చింది. ఓడలో గ్రామఫోను ఉంటుందన్నా, మంచుగడ్డలు వేసిన నీళ్ళిస్తారన్నా. అందరూ నోళ్ళు తెరుచుకు విన్నారు. ఆ ఊపులోనే భోజనాలప్పుడు కట్టుకోవలసిన బట్టల పేజీ కూడా చదివేశా. పగటి భోజనాలకి తేలికపాటి నూలు బట్టలు కట్టుకురావాలి. పట్టుబట్టలూ నగలూ రాత్రి విందుకే. తడిబట్టలతో భోజనాల గదిలోకి రాకూడదు. కాళ్ళకి ఏమీ లేకుండా రాకూడదు. అలా వచ్చినవాళ్ళని గుమ్మం దగ్గరే మర్యాదగా వెనక్కి పంపుతారు.

చదివి తలెత్తేసరికి అత్తగారు లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఈ కాలం వాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలి. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పగలు మడి కట్టుకునే వండుతారు, మడి కట్టుకునే తింటారు. నూలు బట్టయితే ఏ రోజుకారోజు తడిపి, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసి, కర్రతో అందుకుని కట్టుకోవాలి. ఆరకపోతే ఆ తడిదే కట్టుకోవాలి. ఓడలో ఎవరూ తాకకుండా ఆరేసే చోటెక్కడిది? ఈ బాధ లేకుండా ఉండాలంటే పట్టుచీర. పట్టుకి రోజూ తడపడం అక్కర్లేదు. తోలు చెప్పు కాలికి తగలకూడదు. రాత్రికి పాలో పండో పుచ్చుకుంటారు, దానికి ఈ పట్టింపు లేదు. చిక్కంతా పగటి భోజనానిదే. పుస్తకంలో ఏది వద్దన్నారో మా ఇంట్లో అదే కావాలి.

వంట సంగతి అత్తగారు ఎత్తలేదు. శాకాహారులకి వేరే వంట ఉందని బావ రాశాడు, ఆవిడకి అది చాలింది. వండేవాడి మడి వాడిది, తినేవాళ్ళది వాళ్ళదంది. తను కాశీ వెళ్ళినప్పుడు దారిలో సత్రాల్లో తిన్నానంది, అయితే పట్టుచీర కట్టుకునే తిన్నానంది. అది కూడా లేకుండా అన్నం ముట్టుకుంటే ఇంక మనకి ఏం మిగిలిందని అడిగింది. ఆవిడ దగ్గర నిజంగానే ఇంకేమీ మిగల్లేదు. మొగుడు లేడు, ఒక్క కొడుకు సముద్రం అవతల ఉన్నాడు. అప్పట్లో నాకు అది అర్థం కాలేదు, కోపమే వచ్చింది. ఇప్పుడు అర్థమైనా కోపం పోలేదు.

అక్క వాకిట్లోకి సాగనంపడానికొచ్చి, "ఏదో ఒకటి చెయ్యరా. నువ్వు చదివావు, నువ్వే విప్పు" అంది.

చేశా. వారం రోజులు కొట్లో బీరువాలన్నీ వెతికా. చివరికి ఒక చీర దొరికింది. రంగు వెయ్యని ముతక పట్టు, జరీ లేదు, అంచు కూడా లేదు. కొనేవాళ్ళు లేక అడుగున పడి ఉంది. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే అచ్చం నూలుచీరే. ఓడవాళ్ళ కంటికి నూలు, అత్తగారి మడికి పట్టు. అది చేతికి తగిలినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంక కాళ్ళకి. తోలు పనికిరాదు, ఉత్తికాళ్ళూ పనికిరావు. కొయ్యకి మైల లేదు కదా. మా వీధి వడ్రంగి చేత అక్క పాదాల కొలతకి పావుకోళ్ళు చెక్కించా. ఓడలో జారకుండా అడుగున గీతలు కూడా పెట్టించా.

ఫాల్గుణంలో ఒక ఆదివారం ఇవన్నీ పట్టుకుని నందిగామ వెళ్ళా. ఓడలో ఎలా తింటుందో ఇక్కడే తిని చూపిస్తే అత్తగారికి ధైర్యం వస్తుందనుకున్నా. పక్కింటి ప్లీడరుగారి బల్లా కుర్చీ అడిగి తెచ్చి, నీళ్ళతో కడిగి, పెరటి వసారాలో వేశా. అక్క స్నానం చేసి ఆ చీర కట్టుకుని, పావుకోళ్ళు తొడుక్కుని, టకటకలాడిస్తూ వంటింట్లోంచి వచ్చింది. రెండడుగులేసి గుంజ పట్టుకుంది.

"ఒరేయ్, నేల మీదే తూలుతున్నా. ఇంక నీళ్ళ మీద నా సంగతి చూసుకో."

"ముక్త్యాల రేవులో పడవెక్కావుగా అక్కా."

"ఆ పడవలో నాకెవరూ అన్నం పెట్టలేదురా."

నవ్వుకుంటూనే కుర్చీలో కూర్చుంది. అత్తగారే వడ్డించింది. గోంగూర పచ్చడి, పప్పు, మజ్జిగ. అక్క కాళ్ళు నేలకి ఆనక పావుకోళ్ళు రెండూ జారి కింద పడ్డాయి. అది చూసి అత్తగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ముగ్గురం నవ్వాం. పని అయిపోయిందనుకున్నా.

అక్క చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు అత్తగారు వంటింటి గడప మీద కూర్చుని అంది. "బాగానే ఉంది నాయనా. చీర బాగుంది, నీ ఆలోచనా బాగుంది. కానీ ఇది మన వసారా. అక్కడ గుమ్మంలో నిలబడ్డవాడు నీ పుస్తకంలో రాసినట్టు, ఇది చెప్పు కాదు, ఇది పగటి బట్ట కాదు, వెనక్కి పో అన్నాడనుకో. నడిసముద్రం. ఆరేడు రోజులు. పిల్ల ఏం తింటుంది? ఎవరింటికెళ్ళి అడుగుతుంది?"

పుస్తకం చదివింది నేనే. వెనక్కి పంపుతారన్న మాట చదివిందీ నేనే.

"వాళ్ళ చేత ఒక్క ముక్క రాయించు. ఇలా వస్తే భోజనం పెడతామని. అది రాగానే మర్నాడే పంపుతా. నాకు మాత్రం పంపాలని లేదా?"

న్యాయంగానే అడిగింది. అందుకే నేను ఇరుక్కుపోయా.

ఆ సాయంత్రమే పుస్తకం వెనక ఉన్న అడ్రసుకి ఇంగ్లీషులో ఉత్తరం రాశా. నాలుగుసార్లు చిత్తు రాసి దిద్దుకున్నా. ఒక హిందూ స్త్రీ జరీ లేని సాదా పట్టుచీర కట్టుకుని, కొయ్య పాదరక్షలతో మీ ఓడలో పగటి భోజనానికి రావచ్చునా, అవుననో కాదనో దయతో తెలుపగలరు అని దాని సారాంశం. నా అడ్రసు రాసిన జవాబు కార్డు కూడా జతచేశా. వాళ్ళు ఒక్క అక్షరం రాసి డబ్బాలో వేస్తే చాలు.

రాలేదు. ఉగాది దాటాక రెండోది రాశా. చైత్రం ఆఖర్న మూడోది. పొద్దున్నే కొట్టు తెరవకముందే పోస్టాఫీసు దగ్గర నిలబడేవాణ్ణి. పోస్టుమాన్ దూరం నుంచే చెయ్యి తిప్పేవాడు. "మీ ఓడ ఇంకా రేవుకి రాలేదు బాబూ" అని అందరూ వినేటట్టు అనేవాడు. మొదట్లో నేనూ నవ్వా. తర్వాత అతను ఆ మాట ఎత్తకముందే కొట్టు వైపు తిరిగేవాణ్ణి.

ఈలోగా బావకీ రాశాం. ఆయన జవాబు రావడానికి నెల పట్టింది. "ఓడలో ఎవరూ పట్టించుకోరు. ఏదో ఒకటి కట్టుకుని తినమనండి" అని రెండు వాక్యాలు. ధైర్యం చెప్పాననుకున్నాడు. నేను ఆ ముక్క చదవగానే అత్తగారి మొహం మారిపోయింది.

"ఏదో ఒకటా?" అంది. కొడుకు చెయ్యి దాటిపోయాడని ఆవిడకి ఆ రెండు మాటల్లో తెలిసిపోయింది. కోడల్ని కూడా ఏదో ఒకటి కట్టుకుని తినే చోటికి ఎందుకు పంపాలి? ఆ రోజు నుంచీ కాగితం మాట ఇంకా గట్టిపడింది.

మద్రాసు వెళ్ళి రేవులోనే అడగవచ్చు కదా అంటారు. నన్ను ఇన్నేళ్ళూ తిన్న ప్రశ్న అదే. మొదటి నెల వెళ్ళకపోవడానికి కారణం నా ఉత్తరం మీద నాకున్న నమ్మకం. అంత చక్కటి ఇంగ్లీషుకి జవాబు రాకుండా ఎలా ఉంటుంది? తర్వాత వెళ్దామనుకునేసరికి వైశాఖం పెళ్ళిళ్ళు వచ్చిపడ్డాయి. కొట్టు నిండా జనం. నాలుగు రోజులు సెలవడిగితే యజమాని, వెళ్తే మళ్ళీ రానక్కర్లేదన్నాడు. అమ్మని పోషించాలి. ఆగిపోయా. ఆ రోజు గజం బద్ద బల్ల మీద పడేసి బస్సెక్కవలసింది. ఎక్కలేదు. యజమానిని తిట్టుకున్నా, కంపెనీని తిట్టుకున్నా. నన్ను నేను తిట్టుకోవడం ఆలస్యంగా మొదలైంది.

ఓడ వెళ్ళిపోయింది. ఆ రోజు కొట్లో పెళ్ళివారికి చీరలు విప్పి చూపిస్తూనే ఉన్నా. ఏ చీర విప్పినా అక్క ఆ వసారాలో కుర్చీలో కూర్చున్నట్టే కనిపించింది.

బావ కష్టపడి తేదీ శ్రావణానికి మార్పించాడు. కాగితం అదే, తేదీ ఒక్కటే కొత్తది. నాలుగో ఉత్తరం రాశా. ఈసారి ఇంగ్లీషు బాగా లేదు. ఆషాఢమంతా వానలో తడుస్తూ పోస్టాఫీసుకి వెళ్ళా. పోస్టుమాన్ కూడా వేళాకోళం మానేశాడు. నన్ను చూసి తల దించుకునేవాడు. అది ఇంకా కష్టంగా ఉండేది. ఉత్తరం లేకుండానే ఓసారి నందిగామ వెళ్ళి అత్తగారి కాళ్ళు పట్టుకున్నా. వంటింటి దగ్గర మైలబట్టలతో కాళ్ళు ముట్టుకున్నానని మళ్ళీ స్నానం చేసొచ్చింది. వచ్చి, కాగితం తెమ్మంది. అంతే.

రెండో ఓడా పోయింది. అనుమతికి గడువు దాటింది. ఆ దేశంవాళ్ళు నిబంధనలు మార్చారట, మళ్ళీ మొదటి నుంచీ పెట్టుకోవాలట. పెడతానని బావ రాశాడు.

ఆ తర్వాత నేను వెళ్ళేసరికి అక్క పెట్టె విప్పుతోంది. "చిమ్మెటలు కొడతాయిరా, తీసేస్తున్నా" అంది. ఒక్కొక్కటే తీసి మడతలు విదిలించి పక్కన పెట్టింది. అడుగున ఆ అంచు లేని చీర ఉంది. దాన్ని మడత పెట్టలేదు. తీసుకెళ్ళి వంటింట్లో మడి దండెం మీద వేసింది. మర్నాటి నుంచి పగలు భోజనానికి అదే కట్టుకునేది. ఓడలో ఆరేడు రోజులకని తెచ్చిన చీర నందిగామ వంటింట్లో పొగకి పసుపుపచ్చగా తిరిగింది. పావుకోళ్ళు మాత్రం మళ్ళీ నా కంటబడలేదు.

బావ ఉత్తరాలు నెలకోటి వచ్చేవి పండక్కోటి అయ్యాయి. తర్వాత అవీ లేవు. ఆ తోటల్లోంచి తిరిగొచ్చిన ఒకాయన బెజవాడలో కనపడి, మీ బావకి అక్కడ ఇల్లుంది, ఇద్దరు పిల్లలన్నాడు. నేను ఆ కబురు అక్కకి ఎలా చెప్పాలా అని బస్సులో అంతసేపూ మాటలు కూర్చుకుంటూ వెళ్ళా. నా మొహం చూసి, "తెలుసులే, అన్నం తిను" అంది. ఎప్పుడు తెలిసిందో, ఎవరు చెప్పారో నేను అడగలేదు.

అరవైలు సగం గడిచాక అత్తగారు మంచాన పడింది. ఆఖరిదాకా అక్కే చేసింది. పోవడానికి నాలుగు రోజుల ముందు నేను పక్కన కూర్చుని ఉంటే కళ్ళు తెరిచి, "ఆ ఓడవాళ్ళ కాగితం వచ్చిందా నాయనా?" అని అడిగింది. ఎగతాళి కాదు. మతి తప్పీ కాదు. ఇన్నేళ్ళూ ఆవిడ నిజంగానే ఎదురుచూసింది. లేదత్తయ్యగారూ అన్నా. "రాసి ఉండాల్సింది వాళ్ళు" అని కళ్ళు మూసుకుంది. ఆవిడా నేనూ ఒకేవైపు నిలబడ్డది ఆ ఒక్క మాటలోనే.

కర్మలయ్యాక అక్క దేవుడి పెట్టె తాళం తీసింది. ముద్రల కాగితాలు రెండూ కుంకం మరకలతో అలాగే ఉన్నాయి. ఓడ కాగితం మొదటిసారి నా చేతికొచ్చింది. అక్క పేరు, నంబరు, మొదటి ఓడ తేదీ, మూల ఎర్రసిరాతో ఒకే ఒక ఇంగ్లీషు అక్షరం ఉన్నాయి. వెనకవైపు మద్రాసు ఆఫీసు ముద్ర ఉంది. నేను నాలుగు ఉత్తరాలు రాసిన అడ్రసు ఇది కాదు.

నా ఒళ్ళు మండిపోయింది. ఆ రోజే కూర్చుని మద్రాసు ఆఫీసుకి రాశా. ఇంగ్లీషులో తిట్టడం నాకు చేతకాదు, అందుకని తెలుగులోనే రాశా. నంబరు రాశా, ఎర్ర అక్షరం రాశా, మొత్తం జరిగింది రాశా. ఇప్పుడు మాకు ప్రయాణం లేదు, టిక్కెట్టు అక్కర్లేదు, ఒక ప్రశ్నకి జవాబు మాత్రం మీరు మాకు బాకీ పడి ఉన్నారు, నేను బతికుండగా అది ఇవ్వండి అన్నా. ఈసారి జవాబు కార్డు పెట్టలేదు.

ఇరవై రోజులకి వచ్చింది. కొట్లో చింపి చదివి, ఎవరికీ చెప్పకుండా నందిగామ బస్సెక్కా. అప్పటికి యజమాని సెలవిస్తాడో లేదో అడగడం మానేశా. నేను వెళ్ళేసరికి పట్టపగలు. అక్క మడిలో ఉంది. అదే చీర, రెండుచోట్ల అతుకులు. ఆకు ముందు కూర్చుని అప్పుడే అన్నం కలుపుతోంది. నేను గడప ఇవతలే ఆగిపోయా. తిన్నాక చూద్దువులే అన్నా. నా చేతిలో కవరు చూసి, ఎడమచేత్తో కొంగు సర్దుకుని, "అక్కణ్ణుంచే చదువు, వింటా" అంది.

చదివా.

"అయ్యా, మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. నేను ఈ ఆఫీసులో చిన్న గుమాస్తాను, మాది కూడా తెలుగుదేశమే కనక దీన్ని నాకు ఇచ్చారు. మీరు చదివిన నియమాల పుస్తకం మొదటి తరగతి ప్రయాణికులది. మీ పాత ఉత్తరాలు ఆ తరగతి చూసే పై ఆఫీసుకి వెళ్ళి ఉంటాయి. వాళ్ళ జాబితాలో మీ సోదరిగారి పేరు లేనందున పక్కన పెట్టి ఉంటారు. ఎర్రసిరాలో ఉన్నది డెక్కు తరగతి గుర్తు. ఆ తరగతికి భోజనాల గది లేదు, బల్లలు లేవు, గుమ్మం లేదు. పైన డెక్కు మీద ఎవరి చాప మీద వాళ్ళు కూర్చుని తింటారు. మన ఆడవాళ్ళు పొద్దున్నే పంపు కింద స్నానం చేసి, తాడు కట్టి చీరలు ఆరేసుకుని, మధ్యాహ్నం అవి కట్టుకునే భోంచేయడం నేను రేవులో పనిచేసిన రోజుల్లో కళ్ళారా చూశాను. ఏం కట్టుకున్నావమ్మా అని అడిగే మనిషి ఆ ఓడలో ఎవరూ ఉండరు."